పొలిమేర దగ్గర దించకూడని సామాను

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు మార్చి చూడు అని ఎందుకనలేదో నాకు తెలియదు. నేను నలభై ఏళ్ళు ఇతరుల ఇళ్ళు మార్చాను. మొదట ఎడ్లబండ్ల మీద, చివరి పదేళ్ళూ లారీల మీద. ఇప్పుడు మోకాళ్ళు అరిగి ఇంటిపట్టున కూర్చున్నాను. కిరండూల్ గనుల క్వార్టర్లకు సామాన్లు తోలే కుర్రాళ్ళు కొందరు వచ్చి, ఈ పనిలో కిటుకులేమిటో చెప్పమని అడుగుతుంటారు. కిటుకులు వాళ్ళకే నాకన్నా ఎక్కువ తెలుసు. నాకు తెలిసిన ఒక తప్పు రాస్తాను. అది నేను చేసిందే.

ముందు ఒక మాట. మామూలు మనిషి ఇల్లు మార్చేది బతుకులో రెండుసార్లో మూడుసార్లో. మనం ఆ పని రోజూ చేస్తాం. తాడు ఎలా బిగించాలో, ఏ వాగు దగ్గర బండి దిగబడుతుందో, ఎక్కడ ఆపితే ఎదుటివాడు కాళ్ళబేరానికి వస్తాడో మనకు తెలుసు, వాళ్ళకు తెలియదు. ఈ వృత్తిలో మోసమంతా ఆ తేడాలోనే ఉంది. నిజాయితీ కూడా అక్కడే ఉంది.

మన భాష మాట్లాడే మనిషి

బస్తరు సంస్థానం రోజులవి. శబరి నది దాటి ఇవతలికి వచ్చే తెలుగు రైతుకు నేల దొరికేది కానీ నోరు పోయేది. సర్కారు కచేరీలో హిందీ, సంతలో హల్బీ, గోండీ, ఊళ్ళో దొర్ల తెగవాళ్ళ దొర్లీ. పడవ దిగిన మనిషి బిక్కమొహం వేసుకుని నిలబడితే, ఒడ్డున వేపపుల్ల నములుతూ ఒకాయన పలకరించేవాడు.

"ఏవమ్మా, మనోళ్ళేనా? ఏ ఊరు మీది?"

ఆయనే చలమయ్య. బండ్ల గుత్తేదారు, నా మొదటి యజమాని. ఆ ఒక్క పలకరింపుతో సగం బేరం అయిపోయేది. మిగతా సగం ఆయన చెప్పే కిరాయితో అయిపోయేది, ఎందుకంటే పక్కన హిందీలో మాట్లాడే బండివాళ్ళ కన్నా ఎప్పుడూ తక్కువే చెప్పేవాడు. తక్కువ ఎలా గిట్టుబాటవుతుందని ఎవరూ అడగలేదు. ఆయన దగ్గర గుమాస్తాగా చేరిన నేనూ అడగలేదు. ఆయన నన్ను "నర్సయ్యా" అని నోరారా పిలిచేవాడు. నాకు అదే పెద్ద జీతం.

చలమయ్యది అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. బండి కట్టేటప్పుడు కాళ్ళు పట్టుకునేవాడు. సగం దారిలో అడవి మధ్య ఎడ్లు విప్పించి, "వాగు పొంగిందమ్మా, ఇంకో జత కావాలి" అని జుట్టు పట్టుకునేవాడు. మన భాషలో మోసపోతున్నామని మనవాళ్ళకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. పరాయి భాషవాడి మాటను రెండుసార్లు అడిగి తెలుసుకుంటాం. మనవాడి మాటను ఒక్కసారి కూడా పూర్తిగా వినం.

వెంకమ్మ విత్తనాలు

రోహిణి కార్తె ఎండల్లో ఒకరోజు వెంకమ్మ వచ్చింది. భర్త పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. ఏటి అవతల కౌలు చేను పోయింది. గొల్లపల్లిలో చేసుకోవడానికి కాస్త నేల కుదిరింది. తిరగలి, రోలు, నాగలి, కాడి, రెండు సందుగలు, గిన్నెలు, చేటలు అన్నీ ఒడ్డున దించుకుంది. అన్నిటికన్నా వెనక, తన చీరకొంగు నీడలో, మూడు పురులు పెట్టుకుంది. పురి అంటే విత్తన వడ్లు నింపి గడ్డితాడుతో గట్టిగా చుట్టి, పైన పేడ పూసిన మూట. పురుగు పట్టదు, చెమ్మ తగలదు.

"తమ్ముడూ," అంది నాతో, "సందుగ పోతే పోనియ్. ఈ మూడూ జాగ్రత్త. మిరుగు చినుకు పడేలోపు నేల మీద పడాలె. లేకుంటే ఈ ఏడు నా పిల్లలు ఏం దింటరు?"

నేను సామాను లెక్కపెట్టి కాగితం మీద రాశాను. ఇరవై శాల్తీలు. అందులో మూడు పురులు. కింద తారీకు వేసి, ఆమె చేత వేలిముద్ర వేయించాను. కాగితం ఉంటే అంతా పద్ధతిగా జరుగుతుందని ఆ వయసులో నా నమ్మకం.

చలమయ్య కిరాయి అంతా ముందే పుచ్చుకుని, "అమ్మా, ఎండలో బండి వెంట పిల్లలెందుకు? మీరు ముందు నడిచి ఇల్లు ఊడ్చుకోండి. సామాను మీ వెనకే వస్తుంది" అన్నాడు. ఎంత ఆదరం! ఆమె కళ్ళు చెమర్చాయి. పిల్లల్ని తీసుకుని అడ్డదారిన వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళ తర్వాత ఇల్లు మార్చేవాళ్ళకు నేను చెప్పే మాటల్లో మొదటిది ఇదే. సామాను వెంట ఇంటి మనిషి ఒకరు ఉండాలి. మిమ్మల్ని ముందు వెళ్ళిపొమ్మని మరీ ప్రేమగా చెప్పేవాడి బండికి సామాను ఎక్కించకండి.

ఇత్తడి బిళ్ళ

రెండు బండ్లు కట్టుకుని బయల్దేరాం. మొదటి మజిలీలో, ఒక దొర్లవారి ఊరి దగ్గర (ఊరి పేరు రాయను, వాళ్ళ తప్పేమీ లేదు), చలమయ్య బండ్లు ఆపించి సామాను చెట్టు కింద దించమన్నాడు. సంతకు చింతపండు తోలే గిరాకీ వచ్చిందట, బండ్లు వెనక్కి పోవాలట.

"మరి ఈ సామాను?" అన్నాను.

ఆయన సంచిలోంచి బంట్రోతులు భుజం మీదుగా వేసుకునే పటకా ఒకటి తీశాడు. దానికి అరచేతంత ఇత్తడి బిళ్ళ. సంతలో కొన్న రేకు ముక్క, కానీ తోమితే మెరుస్తుంది.

"ఇది అడ్డంగా వేసుకో. నోరు మాత్రం తెరవకు. సర్కారీ సామాను అని నేను చెప్తా."

ఈ తరం వాళ్ళకు వివరం కావాలి. ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగి బరువు ఊరివాళ్ళు ఊరికే మోయాలి. తెలుగులో వెట్టి అంటాం, అక్కడ బేగారి అనేవారు. ఏ ఊరు బరువును ఆ ఊరు తన పొలిమేర దాకా మోసి దించుతుంది. అవతలి ఊరు వచ్చి ఎత్తుకుంటుంది. బిళ్ళబంట్రోతు కనబడితే చాలు, దున్నేవాడు అరక విప్పి రావలసిందే. చలమయ్య కిరాయి ఎందుకు తక్కువో నాకప్పుడు తెలిసింది. వెంకమ్మ ఇచ్చింది బండికి. మోసేది ఈ మనుషులు, ఊరికే.

బిళ్ళ వేసుకోనని నేను అనలేదు. అనాలని కూడా అప్పుడు తోచలేదు. నిజం చెప్పాలంటే, అది వేసుకున్నాక కాస్త నిటారుగా నిలబడ్డాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల వంగిపోతుంది.

సామాను దించుతుండగా చూశాను. రెండో బండిలో గడ్డి కింద రెండు పురులు ఉండిపోయాయి.

"అయ్యా, పురులు రెండు బండిలోనే ఉన్నాయి."

"వెనకాల ఇంకో బండిలో వస్తాయిలే. నీకెందుకు?" అన్నాడు చలమయ్య.

వెనకాల ఇంకో బండి లేదు. నాకు తెలుసు. బండ్లు రేవు వైపు తిరిగాయి. విత్తనాలకు గిరాకీ బాగా ఉండే రోజులవి.

ఊరిపెద్ద లచ్చయ్య పన్నెండు మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. మాతో తెలుగు, వాళ్ళలో వాళ్ళు దొర్లీ. నడుముకున్న తాడు, అడ్డతీగ నారతో పేనింది, తీసి, ఒక్కో శాల్తీ చేత్తో ముట్టుకుంటూ ఒక్కో ముడి వేశాడు. పద్దెనిమిది ముళ్ళు. పెళ్ళికి ఇన్ని రోజులని చెప్పాలన్నా, పండక్కి పిలవాలన్నా వాళ్ళు అలా ముళ్ళ తాడే పంపుతారు. పొలిమేర దగ్గర బరువుతోపాటు ఆ తాడు కూడా అవతలి ఊరి చేతికి ఇస్తారు. వాళ్ళు ముళ్ళు తడిమి, బరువులు చూసుకుని ఎత్తుకుంటారు.

కావళ్ళు కదిలాయి. మొదటి పొలిమేర దగ్గర అన్నీ దించారు కానీ, లచ్చయ్య తన భుజం మీదున్న పురిని దించలేదు.

"దొరా, ఇది విత్తనం. పొలిమేర కాడ కింద బెట్టద్దు. బెడితే చేను ఏడుస్తది. యాడికి పోవాల్నో ఆడిదాంక నేనే వస్త" అన్నాడు నాతో.

నోరు తెరవద్దన్నారు కనుక నేను తల ఊపాను. ఆ ముసలాయన మూడు ఊళ్ళ పొలిమేరలు దాటి, ఎండలో, భుజం మార్చుకుంటూ గొల్లపల్లి దాకా నడిచాడు. తన ఊరిలో దుక్కి పని వదిలేసి వచ్చాడు.

కాగితం, తాడు

వెంకమ్మ వాకిట్లో సామాను దించారు. ఆమె మిగతావేవీ చూడలేదు. లచ్చయ్య భుజం మీది పురిని రెండు చేతులా అందుకుని, వెనక్కి చూసింది.

"ఇంకో రెండేవి?"

చలమయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏం చెప్పనమ్మా, ఈ వెట్టి మనుషులతో ఇదే తంటా. దారిలో తినేసి ఉంటారు."

వెంకమ్మ అక్కడే కూలబడింది. పెద్దగా ఏడవలేదు. "నా చేను, నా చేను" అని మాత్రం అంటూ ఉంది. పిల్లలిద్దరూ ఆమెను పట్టుకుని నిలబడ్డారు.

లచ్చయ్య చివరి ఊరివాళ్ళ దగ్గర్నుంచి తాడు తీసుకుని ముందుకొచ్చాడు. "అమ్మా, మాకు అప్పజెప్పింది ఇంతే. సూడు, పద్దెనిమిది."

"ముళ్ళు సాక్ష్యమా?" అని నవ్వాడు చలమయ్య. "కాగితముంది. నర్సయ్యా, చదువు."

నేను కాగితం తీసి చదివాను. శాల్తీలు ఇరవై. పురులు మూడు. కింద వేలిముద్ర. అందులో ఉన్నదే చదివాను, ఒక్క అక్షరం కల్పించలేదు. అయినా నా బతుకులో అంతకన్నా పెద్ద అబద్ధం చెప్పలేదు. ఆ కాగితం రేవులో ఎక్కించినదానికి లెక్క, చెట్టు కింద దించినదానికి కాదు. ఆ సంగతి తెలిసినవాళ్ళం అక్కడ ఇద్దరమే. ఒకడు మోసగాడు. ఇంకొకడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఠాణాకు పోదామా, లేక ఆమె విత్తనం ఆమెకిస్తావా?" అన్నాడు చలమయ్య లచ్చయ్యతో.

ఠాణా మాట వినగానే కావళ్ళవాళ్ళు వెనక్కి జరిగారు. లచ్చయ్య నా బిళ్ళ వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తాడును మళ్ళీ నడుముకు కట్టుకుని, "ఇస్త" అన్నాడు. మూడోనాటికి తన ఇంటి విత్తనాల్లోంచి రెండు పురులు మోసుకొచ్చి ఆమె వాకిట్లో పెట్టి పోయాడట. ఇచ్చిపోతుంటే ఆమె మొహం తిప్పుకుందట. ఆమె అన్న మిరుగు, అదే మృగశిర చినుకులు, ఆ వారమే పడ్డాయి.

తర్వాత

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు. వెంకమ్మ నన్ను నమ్మింది, లచ్చయ్య నా బిళ్ళను నమ్మాడు. నేను మాత్రం ఆ ఏడు దీపావళి దాకా చలమయ్య దగ్గరే పనిచేశాను. వెంటనే మానేశానని రాసుకుంటే బాగుండేది. కానీ ఇది చదివే కుర్రాళ్ళకు అసలు సంగతి తెలియాలి. చెడ్డ యజమాని దగ్గర్నుంచి మనిషి ఒక్కరోజులో బయటపడడు. రోజూ ఒక సాకు దొరుకుతుంది.

చివరికి నన్ను కదిలించింది ఒక సంత మాట. లచ్చయ్య ఊరివాడొకడు ఇప్పపువ్వు అమ్ముతూ, వాళ్ళ ఊరిపెద్ద చేను సగం బీడు పడిందని, ఆయన ఇంట్లో అడవి గడ్డలు తవ్వుకు తింటున్నారని ఎవరితోనో చెబుతున్నాడు. నేను సరుకు కొనడం మానేసి ఆ మాట విన్నాను. మర్నాడు చలమయ్యకు బిళ్ళ తిరిగిచ్చేసి వచ్చేశాను.

సొంతంగా ఒక జత ఎడ్లతో మొదలుపెట్టాను. పద్ధతులు మూడే పెట్టుకున్నాను. బండి మారినా, మనిషి మారినా, వాగు ఒడ్డున ఒక గంట దించి ఎక్కించినా, అక్కడే మళ్ళీ లెక్క పెట్టాలి. ఆ లెక్క ఇంటివాళ్ళ చేతిలో ఉండాలి, నా జేబులో కాదు. చదువు రానివాళ్ళకు నారతాడు ముళ్ళు వేసి ఇచ్చేవాణ్ణి. మొదట నవ్వారు, తర్వాత తాడు లేనిదే సామాను బండి ఎక్కించలేదు. ఇక మూడోది, కిరాయిలో సగం ఎప్పుడూ సామాను వాకిట్లో దిగాకే. ఇల్లు మార్చేవాళ్ళూ, మీరు కూడా అలాగే ఇవ్వండి. అంతా ముందే అడిగేవాడికి మీ ఇంటి దాకా రావలసిన అవసరం ఉండదు. మరీ తక్కువ చెప్పేవాడి దగ్గర, ఆ మిగతా బరువు ఎవరు మోస్తున్నారో అడగండి. ఎవరో ఒకరు మోస్తూనే ఉంటారు.

లారీలు వచ్చాక కూడా ఇందులో ఒక్కటీ మారలేదు.

లచ్చయ్య అడిగిన మాట

మరుసటి రోహిణి కార్తెలో నా బండి మీద విత్తన వడ్లు వేసుకుని లచ్చయ్య ఊరు వెళ్ళాను. ఆయన వాకిట్లో తాడు పేనుతున్నాడు. నన్ను చూసి, "ఎవరయ్యా? ఏ ఊరు?" అన్నాడు.

గుర్తుపట్టలేదు. రోజంతా నా పక్కన నడిచిన మనిషి.

"పోయినేడు వెంకమ్మ సామాను వెంట వచ్చినవాణ్ణి. బిళ్ళ వేసుకున్నది నేనే" అన్నాను.

ఆయన నా మొహం వైపు వంగి చూశాడు. "నేను బిళ్ళనే సూసిన. మొఖం సూడలె."

మొత్తం చెప్పాను. బండి, గడ్డి, పురులు, కాగితం. నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. తెచ్చిన వడ్లు చూపించాను. ఆయన బండి వైపు చూడనైనా లేదు.

"ఆ అమ్మకు జెప్పినవా?"

"లేదు."

"మరి నా కాడికెందుకొచ్చినవ్? గింజలు పోతే అడవి ఉన్నది. ఆమె నన్ను దొంగ అనుకుంటున్నది గదా! సంతల కనబడితే మొఖం దిప్పుకుంటున్నది. నాకు ఆ మాట గావాలె. లే, పోదాం."

బండి అక్కడే వదిలి, కాలిదారిన గొల్లపల్లి నడిచాం. వెంకమ్మ మమ్మల్ని చూసి గుమ్మంలో ఆగిపోయింది. నేను ఆమె ఎదుట నిలబడి, ఆయన వింటుండగా, మళ్ళీ అంతా చెప్పాను. రెండోసారి ఇంకా కష్టమైంది.

ఆమె నన్ను తిట్టలేదు. లచ్చయ్య దగ్గరికి వెళ్ళి, వంగి ఆయన కాళ్ళు ముట్టుకోబోతే ఆయన వెనక్కి జరిగాడు.

"పెద్దయ్యా, నీ ఇత్తనంతోనే నా పిల్లలు ఏడాది తిన్నరు," అంది. "తినుకుంట నిన్నే దొంగ అన్న."

లోపలికి వెళ్ళి రెండు పురులు తెచ్చింది. పేడ పూత ఇంకా కొత్తగా ఉంది. "ఇవి నీ గింజల పంటనే. తీస్కపో."

"నేను వడ్లు తెచ్చానక్కా, ఆయన ఊళ్ళో బండిలో ఉన్నాయి" అన్నాను.

"అవి ఏ నేలయో ఎవరికెరుక? దంచుకొని తిననియ్ ఆళ్ళను. ఇత్తనం మాత్రం ఇదే పోవాలె." కావడి బద్ద తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు మొయ్యి తమ్ముడూ. ఇంకొకళ్ళ భుజం మీద బెట్టకు."

ఎత్తుకున్నాను. ఆ రోజుకు ముందు నేను ఎన్నో ఇళ్ళు మార్చాను కానీ, ఒక్క బరువూ సొంత భుజం మీద మోయలేదు. మొదటి పొలిమేర చేరేసరికే భుజం తోలు లేచింది. కాళ్ళు వాటంతటవే ఆగాయి. పక్క చేలో అరక దున్నుతున్న ఒకతను కావడిని చూశాడు, నా తెల్లచొక్కా చూశాడు. ఒక్క మాట అడగకుండా ఎడ్లను ఆపి, తలగుడ్డ మడిచి భుజం మీద వేసుకుంటూ గట్టు దాటి వచ్చాడు.

"ఇటియ్యి దొరా."

నేను నోరు తెరిచేలోపే, ముందు నడుస్తున్న లచ్చయ్య వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

"పో, దున్నుకో పో. ఇయ్యాల ఆయన బరువు ఆయనే మోస్తడు."

అతను కాసేపు మా ఇద్దరినీ చూసి, భుజం మీది గుడ్డ తీసి తలకు చుట్టుకుని, మళ్ళీ అరక దగ్గరికి వెళ్ళిపోయాడు.